ఆపద్ధర్మ అధ్యక్షుల వారి సముఖానికి

అమెరికా అధ్యక్ష పదవి ఖాళీగా ఉన్నదని 1841 వేసవిలో ఒహాయో రాష్ట్రం, గేట్స్ ఫోర్డ్ గ్రామ పార్టీ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ సంగతి వాషింగ్టన్‌కు ఇంకా తెలియదు.

కారణం గట్టిదే. జనం ఎన్నుకున్న పెద్దాయన గద్దెనెక్కిన నెల్లాళ్లకే కాలం చేశాడు. ఉపాధ్యక్షుడు వచ్చి కుర్చీలో కూర్చుని, ఇక తానే అధ్యక్షుణ్ణన్నాడు. "చావు తెచ్చిన కుర్చీ! నాలుగేళ్లూ ఆయన ఆపద్ధర్మ అధ్యక్షుడే!" అని కమిటీ పెద్ద జడ్జి ఓర్సన్ గేలార్డ్ బల్ల గుద్దాడు. బల్ల పోస్టాఫీసుది. తీర్మానం రాసింది పోస్టుమాస్టరు ఎజ్రా టట్‌హిల్.

ఇంట్లో భార్య మెహిటబెల్ అడిగింది.

"ఏమయ్యా, పోస్టుమాస్టర్లను వేసేదీ తీసేదీ ఎవరు?"

"అధ్యక్షుడు."

"ఉన్నాడా?"

"లేడు. ఇందాకే తీర్మానించాం."

"అయితే నిన్ను తీసేవాడే లేడన్నమాట!"

ఎజ్రాకు ఇది తట్టనే లేదు. పొంగిపోయాడు. ఆ పొంగు పదకొండు రోజులుంది.

పన్నెండో రోజు కబురొచ్చింది. చుట్టుపక్కల ఇద్దరు పోస్టుమాస్టర్లను పీకేశారట. ఎజ్రాకు ఆరుగురు పిల్లలు, సెంటు భూమి లేదు, ఈ ఉద్యోగం పోతే వీధిన పడడమే. తనను కొనసాగించమని విన్నపం రాసి, పైన 'అధ్యక్షుల వారికి' అని పెట్టబోయాడు. జడ్జిగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఎజ్రా! నీ పొట్ట కోసం రాజ్యాంగం గొంతు కోస్తావా?"

"ఒక్క మాటే కదండీ!"

"ఒక్క మాట కోసమే మన నాన్నలు ఇంగ్లండు రాజుతో యుద్ధం చేశారోయ్!"

ఎజ్రా సిగ్గుపడి 'ఆపద్ధర్మ అధ్యక్షుల వారికి' అని రాశాడు. మూడు వారాలకు ఉత్తరం వేసిన లక్కముద్ర వేసినట్టే తిరిగొచ్చింది. 'ఇక్కడ అటువంటివారు లేరు' అని పైన ఎవరో గీశారు.

"శభాష్! నువ్వు త్యాగధనుడివోయ్!" అని జడ్జిగారు కావలించుకున్నారు. కమిటీ ఎజ్రాను అభినందిస్తూ తీర్మానించింది. అదీ ఎజ్రాయే రాసుకున్నాడు.

"ఈసారి ఆ మాట తీసేసి రాస్తానండీ, పిల్లలు గలవాణ్ణి," అని బతిమాలాడు.

జడ్జిగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ప్రాణమైనా వదులుతాను గానీ ఆ మాట వదలను," అన్నారు. అంతటివారు ప్రాణం మీదికి తెచ్చుకుంటుంటే ఎజ్రా ఏం చేస్తాడు? రెండో విన్నపమూ అలాగే వెళ్లింది. రెండు వారాలకే తిరిగొచ్చింది. తపాలా శాఖ ఇంత చురుగ్గా ఉన్నందుకు అంత బాధలోనూ అతనికి గర్వం కలిగింది.

సెప్టెంబరులో ఉత్తర్వు వచ్చింది. ఎజ్రాను తొలగించారు. తాళాలు కొత్త పోస్టుమాస్టరు ఓర్సన్ గేలార్డ్‌కు అప్పగించాలి. 'అధ్యక్షుల వారిని సగౌరవంగా సంబోధిస్తూ గేలార్డ్ పంపుకొన్న విన్నపాన్ని మన్నించి' అని కూడా ఉంది. ఆ విన్నపం పక్క ఊరి పోస్టాఫీసు నుంచి వెళ్లింది.

జడ్జిగారు టోపీ తీస్తూ లోపలికొచ్చారు.

"జడ్జిగారూ, తమరు పైన ఏమని రాశారండీ?" ఎజ్రా అడిగాడు.

"ఒకరి ఉత్తరం మీద ఏముందో ఆరా తీసేవాడు పోస్టుమాస్టరుగా ఎలా పనికొస్తాడయ్యా? అందుకే తీసేశారు."

"మరి మన తీర్మానం?"

"అక్షరం మారదు. నన్ను వేసింది ఆపద్ధర్మ అధ్యక్షుడు. కాబట్టి నేనూ ఆపద్ధర్మ పోస్టుమాస్టర్నే." జడ్జిగారు తాళాల కోసం చెయ్యి చాపారు.

"ఎన్నాళ్లండీ?"

"ఆయన ఉన్నన్నాళ్లు. ఆ తర్వాత వచ్చేవాడికి ఇవాళే విన్నపం రాసి పెట్టాను. పేరొక్కటీ ఖాళీ వదిలాను."