లిఫ్ట్ ఎందుకు, సూదులుండగా!

మోకాళ్ళ నొప్పులు లేనివాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది! ఒళ్ళంతా ఒకటేనన్న సత్యం ఆ అభాగ్యులకి ఎప్పటికి తెలియాలి?

చైనాలోని చెంగ్దూలో మా ఆరంతస్తుల పాత భవనానికి ఆ దౌర్భాగ్యం లేదు. లిఫ్టే లేదుగా! కూరల సంచీతో పైకెక్కేసరికి ఎంత మూర్ఖుడికైనా తన కీళ్ళు ఎక్కడెక్కడున్నాయో తెలిసొస్తుంది. ఇక కింది అంతస్తులో మెంగ్ డాక్టర్ గారు సిద్ధం. ఆయన ఇల్లూ అదే, క్లినిక్కూ అదే.

పెద్దాసుపత్రికి వెళ్తే మోకాలు నొప్పికి మోకాలే చూస్తారు. ఎంత చిన్న బుద్ధి! మెంగ్ గారు మోకాలి వంక కన్నెత్తి చూడరు. నాలుక చాపమంటారు. మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకుంటారు. "కిడ్నీ నీరసపడిందమ్మా, మోకాళ్ళు దాని మాటే వింటాయి" అని తేల్చి, చెవికి సూది గుచ్చుతారు.

ఫలితం? భవనమంతా వైద్యులే! ఫెంగ్ పిన్ని నొప్పి లాగేస్తాయని వీపంతా వేడి గాజు కప్పులు పెట్టించుకుని, ఆ గుండ్రటి ఎర్ర మచ్చలు మెట్ల మీద ఎదురైనవాళ్ళందరికీ చూపిస్తుంది. కీళ్ళకి కాపడం పెట్టే మాచిపత్రి పొగకి దోమలు కూడా వలస పోయాయి. మండుటెండలో మా ఆయన చల్లటి బీరు సీసా మూత తీస్తే చాలు, పక్కింటివాళ్ళు తలుపు తోసుకొచ్చేస్తారు. "ఏమయ్యా, నీ కడుపంటే నీకంత పగా? వేణ్ణీళ్ళు తాగు!"

ఇంత శ్రద్ధ డబ్బు పెట్టినా దొరుకుతుందా?

ఈమధ్య మా భవనానికి లిఫ్ట్ పెడతామన్నారు. అయితే ఇక్కడున్న అందరూ సరే అనాలట. అందరూ అన్నారు, మెంగ్ గారు తప్ప. భవనం బయట గోడకి ఆనించి లిఫ్ట్ కడితే ఆయన కిటికీకి వెలుతురు తగ్గుతుందట. మనసులో నేను ఆయన పక్షమే! లిఫ్ట్ వచ్చి మోకాళ్ళు కుదుటపడితే, ఇంత గొప్ప విద్య ఏమైపోవాలి చెప్పండి?

ఒక్క మా అత్తయ్యే ఈ శాస్త్రానికి లొంగడం లేదు. మోకాళ్ళ నొప్పులతో చలికాలం నుంచీ ఆవిడ ఆరో అంతస్తు దిగలేదు. పొద్దున్నే కింద పార్కులో ఆవిడ జట్టు పాట పెట్టుకుని డాన్స్ చేస్తుంది. ఈవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునే చేతులు తిప్పుతుంది.

దిగలేనివాళ్ళ కోసం డాక్టరే ఎక్కాలి కదా! మొన్న మెంగ్ గారు పెట్టె పట్టుకుని పైకొచ్చారు. వచ్చీ రాగానే కుర్చీలో కూలబడ్డారు. ఊపిరి తీసుకుని అత్తయ్య వైపు తిరిగారు.

"రుయిలాన్ పెద్దమ్మా, నిద్ర పడుతోందా?"

"పడుతోంది నాయనా."

"ఆకలి? విరేచనం?"

"వాటికేం, దివ్యంగా ఉన్నాయి."

"నాలుకేదీ?"

చాపింది. ఆయన చాలాసేపు చూశారు. "లోపల దిగులు గడ్డకట్టింది పెద్దమ్మా. దీనికి మూలం కనిపెట్టాలి" అన్నారు.

అత్తయ్య లటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది. "నీ నాడేమిట్రా ఇలా పరుగులు పెడుతోంది?"

"మెట్లెక్కొచ్చాను కదా!"

"నిద్ర అడిగావు, ఆకలి అడిగావు, విరేచనం కూడా వదల్లేదు. కిందికి దిగి ఎన్నాళ్ళయిందని ఒక్క మాట అడిగావా?"

మెంగ్ గారు సూదుల డబ్బా తెరిచారు, మూశారు. "మా కిటికీకి వెలుతురు..." అని గొణిగారు.

"వెలుతురేగా నీకు కావాల్సింది? ఇక్కడ బోలెడుంది, రా! నువ్విక్కడుండు, నేను నీ ఇంట్లో ఉంటాను. ఈ పూటే మారిపోదాం."

మెంగ్ గారు పెట్టె సర్దుకుని, గోడ పట్టుకుని, ఒక్కో మెట్టే చూసుకుంటూ దిగిపోయారు. లిఫ్ట్‌కి ఒప్పుకున్నారా అంటారా? లేదు. ఇల్లు మారడానికైతే అసలే ఒప్పుకోలేదు.