లోపల చూడని తాళం

ఆదివారం పొద్దున్నే అత్తగారు కొత్త బట్టలు కట్టుకుని, ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచి, కూతురి ఇంటి హాల్లో కుర్చీలు వేయించింది. ఆవిడ నటించిన సినిమా ఇంటర్నెట్‌లోకి వచ్చిన రోజది. పెళ్లిజనంలో ఒకరిగా నిలబడే వేషం, మాటల్లేవు. అయితేనేం, మొహం ఉంది.

అల్లుడు తాళాలు బాగుచేసేవాడు. విప్పి చూడని తాళాన్ని ఏ గుమ్మానికీ బిగించడు. కంప్యూటర్లో బ్రౌజర్ కూడా, లోపలి గుట్టు, అంటే దాని కోడు, ఎవరైనా విప్పి చదువుకోగలిగేదే ఏరి పెట్టుకున్నాడు. సినిమా నొక్కగానే తెర మీద ఒక ప్రశ్న ప్రత్యక్షమైంది: 'ఈ వీడియోకు నకలు తీయనివ్వని తాళం కావాలి. అది వేరేవాళ్లది, లోపల ఏముందో మేమూ చూడలేదు. పెట్టమంటారా?'

అల్లుడి కళ్లు మెరిశాయి. "చూశారా అత్తయ్యా, మన బ్రౌజర్ పెద్దమనిషి! అడిగి మరీ పెడుతున్నాడు."

"అడిగాడుగా, సరే అను."

"లోపల ఏముందో చూడకుండానా?"

"నిన్ను అల్లుణ్ణి చేసుకున్నప్పుడు లోపల ఏముందో చూశామా నాయనా?"

పక్కింటి టైలరమ్మ ముందుకు వంగింది. "మనం తెరను చూస్తుంటే అది మనల్ని చూస్తుందేమో వదినా!"

"చూడనీ. నన్ను చూసేవాళ్లు ఒకరు ఎక్కువవుతారు."

ఈ గోలకు పైనుంచి ఇంటి యజమాని దిగొచ్చాడు. "ఇల్లు నాది. తాళం పెట్టాలంటే నన్నడగాలి," అంటూ 'వద్దు' నొక్కేశాడు. తెర బోసిపోయింది.

అత్తగారు సంచీ సర్దడం మొదలుపెట్టింది. "నా మొహం చూడ్డానికి ఊరందరి సమ్మతీ కావాలటే అమ్మాయ్?"

ఆవిడ సంచీ భుజాన వేసుకునేసరికి అల్లుడి పట్టుదల సడలింది. "కూర్చోండత్తయ్యా. మీకోసం ఒప్పుకుంటున్నా. వద్దనుకున్ననాడు తీసేద్దాం," అని సెట్టింగుల్లోకి వెళ్లి 'సరే' నొక్కాడు.

సినిమా ఆడింది. పెళ్లి వచ్చింది. ఎడమ చివర అత్తగారు నవ్వుతూ కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టేలోగా పెళ్లికొడుకు అడ్డొచ్చాడు.

కూతురు సినిమాను వెనక్కి జరిపి, ఆపి, కంప్యూటర్‌తోనే తెరను ఫొటోగా దించింది. బొమ్మ నల్లగా వచ్చింది. మళ్లీ దించినా నలుపే. పోనీ అని ఎదురుగా నిలబడి ఫోనుతో తీస్తే, అత్తగారి మొహం ఉండాల్సిన చోట తెర అద్దంలో పడ్డ ఇంటి యజమాని బట్టతల మెరిసింది.

"ఈ పాడు తాళం ఎవడు పెట్టమన్నాడు? తీసెయ్!"

"తీస్తే సినిమా కూడా రాదత్తయ్యా."

అత్తగారు మర్నాడు ఆ నల్లబొమ్మనే పెద్దగా అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, హాల్లో తగిలించింది. వచ్చినవాళ్లకు వేలు పెట్టి మరీ చూపిస్తోంది: "ఇదిగో, ఎడమ చివర నవ్వుతున్నది నేనే."