కదిలితే వెలిగే అద్దం

"రైతు కదిలితే చాలు, సమాచారం దానంతటదే ఎదురు రావాలి! కాగితం యుగం ముగిసింది. ఇక అద్దం యుగం!"

ఈ మహావాక్యం పలికినవారు మా ఆఫీసరు త్రినాథ్ గారు. పలికిన చోటు మా మిర్చి రైతు సమాచార కేంద్రం. దర్శి టౌనుకి ఎంత దూరమో, ఏ దిక్కో చెప్పను. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలున్నాయి నాకు! పేరు మాత్రం చెబుతాను: నతానియేలు, సీనియర్ అసిస్టెంటుని. పైవారు ఏం పలికినా మొదటి చప్పట్లు నావే. కొట్టాను.

గుమ్మంలో పెట్టారు ఆ నిలువుటద్దాన్ని. వెనక తెర, పైన బొట్టుబిళ్ళంత కెమెరా. ఎదురుగా ఎవరైనా కదిలితే కెమెరా కనిపెట్టేస్తుంది. వెంటనే తెర వెలిగి "నమస్కారం" అంటూ ఆనాటి మిర్చి ధర, వాన కబురు చూపిస్తుంది. రెండు నిమిషాలు కదలిక లేకపోతే ఆరిపోతుంది. ఇదంతా అమర్చింది మా కంప్యూటర్ ఆపరేటర్ లిడియా.

"సార్, ఇంకోటి. వెలిగినప్పుడల్లా ఎదురుగా ఉన్నవాళ్ళని ఫొటో తీసి, టైముతో సహా దాచిపెడుతుంది. ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" అని అడిగింది ఆ పిల్ల.

"అన్నీ ఉంచమ్మా! మన దగ్గర ఏదీ తక్కువ కాకూడదు," అన్నారు త్రినాథ్ గారు, ఆ అద్దంలోనే క్రాఫు సర్దుకుంటూ. నేనూ తలూపాను. ఊపగానే అద్దం నాకు నమస్కారం పెట్టింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నాకు ముందుగా నమస్కారం పెట్టిన ప్రభుత్వ వస్తువు అదొక్కటే!

ప్రారంభోత్సవానికి రైతు పిచ్చయ్యని అద్దం ముందు నిలబెట్టాం. ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, చేతులు కట్టుకుని నించున్నాడు. త్రినాథ్ గారి ఉపన్యాసం అరగంట సాగింది. తీరా రిబ్బను కత్తిరించి చూస్తే తెర నల్లగా ఉంది!

"కదలవయ్యా పిచ్చయ్యా!"

"ఆఫీసరుగారి ముందు కదిలితే మర్యాదేం ఉంటదండీ?"

"మర్యాద తర్వాత! చెయ్యి ఊపు!"

"అమ్మో! మీ ముందు చేతులూపేంత మొనగాణ్ణి కాదు సారూ!"

కదలకుండా నించోవడమే కదా, తాతల కాలం నుంచీ మా ఆఫీసులు రైతుకి నేర్పింది! లిడియా కెమెరా సెన్సిటివిటీ పెంచింది. ఊపిరి తీసుకుంటే చాలు, వెలుగుతుందంది. అది విని పిచ్చయ్య ఊపిరి కూడా బిగబట్టాడు. నాకు ఒళ్ళు మండి, ఆయన చంకలోని తలగుడ్డ లాగి గట్టిగా దులిపాను. పొద్దుట్నుంచీ కళ్ళంలో మిరపకాయలు ఎత్తిపోసిన తలగుడ్డ అది! పిచ్చయ్య తుమ్మాడు. "నమస్కారం!" అంది అద్దం. త్రినాథ్ గారు తుమ్మారు. నమస్కారం! నేను తుమ్మాను, ఫొటోగ్రాఫరు తుమ్మాడు, జనమంతా తుమ్మారు. ఒక్కొక్క తుమ్ముకీ ఒక్కొక్క నమస్కారం! ఆ అద్దానికున్న సంస్కారం మాలో ఎవరికుంది చెప్పండి?

ఆ నమస్కారాల హోరు ఆపడానికి లిడియా సెన్సిటివిటీ మళ్ళీ తగ్గించేసింది. మర్నాడు సర్క్యులర్ వెలువడింది. నేనే టైపు చేశాను. "సమాచారము కోరు రైతులు అద్దమునకు మూడడుగుల దూరమున నిలబడి, వరుసక్రమములో తుమ్మవలెను."

ఇక వీరమ్మ. మా ఆఫీసు ఊడ్చే మనిషి. ఏటేటా ఆమెను కొనసాగిస్తూ జిల్లా నుంచి ఆర్డరు రావాలి. ఈ ఏడు ఆ పని త్రినాథ్ గారి బావమరిది ఇంటి వంటమనిషికి కావలసొచ్చింది.

"నతానియేలు గారూ, వీరమ్మ అసలు వస్తోందంటారా?"

"నేనైతే ఎన్నడూ చూళ్ళేదండి."

"అదే రాసివ్వండి!"

రాశాను. "ప్రతిదినము ఉదయము సరిగ్గా పది గంటలకు హాజరగు నేను, సదరు వీరమ్మను నేటివరకు కళ్ళారా చూసి ఎరుగను." ఆఫీసు నేల రోజూ శుభ్రంగానే ఉండేది. నేలలు వాటంతటవే అలా ఉంటాయనుకున్నాను.

కబురు తెలిసి వీరమ్మ మిరపకోత మధ్యలో పరిగెత్తుకొచ్చింది. చేతులకి ఇంకా కారం మంట ఉన్నట్టుంది, కొంగుతో తుడుచుకుంటూనే ఉంది.

"అయ్యగారూ, ఎనిమిదేళ్ళ నుంచీ ఊడుస్తన్నాను. ఏడింటికొచ్చి, తొమ్మిదింటికి కోతకి పోతాను. కోతలు మూడు నెల్లేనయ్యా. ఆ తర్వాత ఈ చీపురే మా కూడు. తీసెయ్యమాకండయ్యా!"

"నేను చూస్తే కదమ్మా చూశానని రాసేది!" అన్నాను. ఆ మాట అంటూ ఆమెనే చూస్తున్నాను.

వీరమ్మని తీసెయ్యాలన్న కాగితం మీద సంతకం పెట్టడానికీ, అద్దాన్ని తిలకించడానికీ జిల్లా నుంచి మా పై అధికారి హెలెన్ మేడమ్ వచ్చారు.

"దీన్ని ఎక్కువగా వాడుకుంటోంది ఎవరు?"

"రైతులేనండి! వేలాదిగా!" అన్నారు త్రినాథ్ గారు.

"ఫొటోలున్నాయి మేడమ్," అని లిడియా మీట నొక్కింది.

అద్దంలో బొమ్మలు మొదలయ్యాయి. ఏడూ నాలుగు, వీరమ్మ అద్దం తుడుస్తోంది. మర్నాడు ఏడూ రెండు, వీరమ్మ. వాన రోజు ఏడూ పది, తడిసిన వీరమ్మ. పదకొండున్నర, టిఫిన్ డబ్బాతో అప్పుడే లోపలికొస్తున్న నేను. పన్నెండు, త్రినాథ్ గారు తల దువ్వుకుంటున్నారు. పన్నెండూ పది, ఇంకా దువ్వుకుంటున్నారు!

"మరి రైతులేరీ?"

"తుమ్మమనేసరికి సిగ్గుపడి రావడం మానేశారు మేడమ్," అంది లిడియా.

"కెమెరా గడియారం గంటన్నర ముందుకి తిరుగుతోందండి!" అన్నాను నేను చెమటలు కక్కుతూ.

"అయితే వీరమ్మ వస్తోంది అయిదున్నరకన్నమాట," అన్నారు మేడమ్.

త్రినాథ్ గారు ఎంతో బాధగా నా వైపు చూసి, "ఇంత మోసం చేస్తారనుకోలేదు నతానియేలు గారూ!" అన్నారు. మరుసటి నెల ఆయనకి ఉత్తమ డిజిటల్ అధికారి పురస్కారం వచ్చింది. మొదటి చప్పట్లు నేనే కొట్టాను. ఇప్పుడు ఎక్కడ కెమెరా పెట్టాలన్నా ఆయన చాలా ఆలోచిస్తున్నారు.

వీరమ్మ కొనసాగింపు మీద మాత్రం మేడమ్ ఆ రోజు అక్కడికక్కడే సంతకం పెట్టారు. కింద ఇంకో వాక్యం చేర్చారు: "కళ్ళారా చూడలేదన్నారు గనుక, ఇకపై శ్రీ నతానియేలు ప్రతిదినము ఉదయం ఏడు గంటలకు హాజరై, ఆమెను కళ్ళారా చూసి సంతకము చేయవలెను."

మొదటిరోజు ఏడింటికి వెళ్ళి అద్దం ముందు నించున్నాను. వీరమ్మ నన్ను చూసి నవ్వాపుకుంది. ఆమె లోపల ఊడుస్తుంటే చూస్తూ, చేతులు కట్టుకున్నాను. రెండు నిమిషాలయ్యాయి. తెర ఆరిపోయింది.

వీరమ్మ ఒక చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఊరికే నించుంటే అద్దం ఆరిపోద్ది అయ్యగారూ. కాస్త కదలండి!"