త్రికోణమితి బరువుకు కూలిన గ్రాఫిక్స్ కార్డు

శంషాబాద్ విమానాశ్రయానికి కూతవేటు దూరంలో ఉన్న ఒక కాలనీలో, పదో తరగతి చదివే అఖిల లెక్కల చదువు నిమిత్తం ఒక కంప్యూటరు వెలసింది. దానికి అద్దాల గోడలు, ఏడు ఫ్యాన్లు, క్షణానికో రంగు మార్చే దీపాలు ఉన్నాయి. త్రికోణమితి బుర్రకెక్కాలంటే ఆ మాత్రం వెలుతురు అవసరమని అఖిల తండ్రి హరిప్రసాద్ తన భార్య పూర్ణిమకు వివరించాడు. ఆమె విన్నది. నమ్మిందని ఎక్కడా నమోదు కాలేదు.

హరిప్రసాద్ విమానాశ్రయంలో సరుకుల విభాగం సూపర్‌వైజరు. పద్దెనిమిదేళ్ళుగా విమానాల కడుపుల్లోకి పెట్టెలు ఎక్కిస్తున్నాడు, తాను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. విమానం నడిపే ఆట ఒకటి ఉందనీ, అందులో శంషాబాద్ రన్‌వే అచ్చం ఉన్నట్టే ఉంటుందనీ తెలిసిన రోజు నుంచి ఆయనకు అన్నం సహించలేదు. అయితే నలభై నాలుగేళ్ళ మనిషి ఆడుకోవడానికి కంప్యూటరు కొన్నానంటే మన సమాజం క్షమించదు. పిల్ల చదువుకని అంటే అదే కంప్యూటరుకు పసుపు కుంకుమ పెడుతుంది. కాబట్టి పెట్టించాడు.

వీడియోలు చూసుకుంటూ ఒక్కొక్క భాగమూ తన చేతులతోనే బిగించాడు. మీట నొక్కగానే దీపాలు వెలిగితే, అఖిల పుట్టినప్పుడు కూడా ఇంత ఆనందించలేదేమోనని అనుమానం వచ్చి సిగ్గుపడ్డాడు. ఆ సాయంత్రమే విశాఖలో విమానం లేపి హైదరాబాదు దారి పట్టాడు. కింద ఇళ్ళు కనిపించడం మొదలైంది. రన్‌వేకు కాస్త ఇవతల, తుక్కుగూడ మీదికి రాగానే తెర నల్లబడింది. ఏడు ఫ్యాన్లూ ఒక్కసారిగా హోరెత్తాయి.

వంటింట్లోంచి ఆయన తల్లి తారాబాయి కేకేసింది: "ఏందిరా, ఇమానం ఇంట్లకే వచ్చిందా?"

ఆ వారం ఎనిమిదిసార్లు విమానం లేచింది, ఎనిమిదిసార్లూ తుక్కుగూడ మీదే అంతర్ధానమైంది. విచిత్రమేమిటంటే అదే కంప్యూటరులో అఖిల లెక్కల క్లాసు రెండేసి గంటలు నడిచినా తెర రెప్పవాల్చలేదు. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉన్నంతసేపు ఆరోగ్యంగా ఉంటుంది, పని చెబితే కుప్పకూలుతుంది. ఆఫీసుల్లో పనిచేసేవారికి ఇందులో వింతేమీ కనిపించదు.

హరిప్రసాద్ శాస్త్రీయ పద్ధతిలో చికిత్స ఆరంభించాడు. కార్డును నడిపే సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది వేశాడు, కొత్తది తీసేసి పాతది వేశాడు. అద్దం తలుపు తెరిచి టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టాడు. జాగా చాలడం లేదేమోనని కనిపించిన ఫైళ్ళన్నీ తుడిచేశాడు. అందులో అఖిల హోంవర్కు కూడా తుడిచిపెట్టుకుపోయింది, ఆ చికిత్స వల్ల లాభపడింది ఆ పిల్ల ఒక్కతే. ఇంటర్నెట్లో నిపుణులను సంప్రదిస్తే పదకొండు మంది స్పందించారు. పదిమంది దాన్ని పారేసి తమ దగ్గరున్న కార్డే కొనమన్నారు. పదకొండో ఆయన "నాదీ ఇదే బాధ, మీకు నయమైందా?" అని అడిగాడు.

"పిల్ల క్లాసు మంచిగనే నడుస్తుంది కద. నువ్వెందుకు గింత పరేషాన్ అయితున్నవ్?" అంది పూర్ణిమ.

"సైన్ థీటా దాక మంచిగనే ఉంటది. కాస్ థీటా వచ్చిందంటే బరువు పడుతది," అన్నాడు హరిప్రసాద్, గోడ వైపు చూస్తూ.

తారాబాయికి రోగం తెలిసిపోయింది. దిష్టి. మూడు నిమ్మకాయలు, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి, అట్టపెట్టెలో ఊరికే పడి ఉన్న ఒక నల్లని తాడుతో కంప్యూటరు ముఖానికి వేలాడదీసింది. మర్నాడు తుక్కుగూడ రాగానే ఫ్యాన్లు విజృంభించి మిరపకాయలను లోపలికి పీల్చుకున్నాయి. గంటసేపు ఇంటిల్లిపాదీ తుమ్మారు. "దిష్టి గట్టిదే," అని నిర్ధారించి ఆమె మిరపకాయల సంఖ్య పదిహేనుకు పెంచింది.

ఆదివారం ఉదయం కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షులు సూర్యప్రకాశరావు గారు ఈ విషయమై హరిప్రసాద్ ఇంట్లోనే అత్యవసర సమావేశం ఏర్పాటు చేశారు. కాకినాడ నుంచి వచ్చి స్థిరపడిన ఈ పెద్దమనిషి జీవితంలో కంప్యూటరు మూత తెరిచి ఎరుగరు కాబట్టి నిష్పక్షపాతంగా మాట్లాడే అర్హత ఆయనకే ఉంది.

"సోదర సోదరీమణులారా! ఇది ఒక కార్డు సమస్య కాదండీ, ఒక బాలిక భవిష్యత్తు సమస్య. మన నెత్తి మీదుగా వెళ్ళే విమానాల అదురుకు కార్డు కదులుతోందని నా సునిశిత పరిశీలన. కాబట్టి మన కాలనీ మీద విమానాలు ఇంజన్లు కాస్త తగ్గించుకుని వెళ్ళాలని ఏకగ్రీవంగా తీర్మానిద్దాం!"

చప్పట్లు మోగాయి. ఇంజన్లు తగ్గిస్తే విమానం కిందపడదా అని వెనక వరుసలోంచి శోభ అనే ఆవిడ సందేహం వెలిబుచ్చగా, తీర్మానంలో "వీలైనంత మేరకు" అనే మాటలు చేర్చి ఆమోదించారు. తరువాత ఉప్మా.

ఉప్మా నడుస్తుండగా హరిప్రసాద్ పిలిపించిన శ్రావణ్‌కుమార్ అనే మెకానిక్ అత్తాపూర్ నుంచి దిగాడు. ఉపన్యాసం వినలేదు కాబట్టి నేరుగా కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

"అన్నా, ఏం నడిపిస్తుంటే బందయితుంది?"

హరిప్రసాద్ పూర్ణిమ వైపు చూశాడు. "లెక్కలు."

శ్రావణ్‌కుమార్ ఇంకేం అడగలేదు. కంప్యూటరు తాను ఎప్పుడెప్పుడు కూలిందీ తానే రాసుకునే చిట్టా ఒకటి ఉంటుంది. మనుషులకు ఆ అలవాటు లేకపోవడం వల్లే సంసారాలు నిలబడుతున్నాయి. అతను ఆ చిట్టా తెరిచి పైకి చదివాడు.

"లెక్కల క్లాసు ఒక్కసారి గూడ పడలే. ఇమానం ఆట తొమ్మిదిసార్లు."

హరిప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఒక్క పెట్టె తప్పిపోనివ్వని మనిషి, కాలనీ మొత్తం ముందు తానే ఎక్కడికైనా తప్పిపోతే బాగుండుననుకున్నాడు.

"ట్రాక్టరు ఆట పందొమ్మిది సార్లు," అని శ్రావణ్‌కుమార్ కొనసాగించాడు. "రోజూ పొద్దున పదకొండింటి సంది."

పదకొండింటికి హరిప్రసాద్ డ్యూటీలో, అఖిల బడిలో ఉంటారు. అందరి తలలూ మూల కుర్చీలో ఉన్న ఆయన తండ్రి కుర్మయ్య వైపు తిరిగాయి. ఆయన అప్పటికే కళ్ళజోడు తుడుచుకోవడం ప్రారంభించాడు.

"పొలం పోయి ప్లాట్లయి పదేండ్లాయె," అన్నాడు కుర్మయ్య. "చేతులు ఊకుంటలేవు. మనవరాలు సూపెట్టింది, దున్నుకుంటున్న. కోతకచ్చే యాల్లకే తెర నల్లగయితది. పందొమ్మిది పంటలు పోయినయ్ బిడ్డా."

హరిప్రసాద్ చేతిలోని ఉప్మా ప్లేటు పక్కన పెట్టాడు. "నాకు జెప్పకపోతివి బాపు," అన్నాడు.

"నువ్వు నాకు జెప్పినవా?"

పూర్ణిమ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, చివరికి మొగుణ్ణి ఒకే మాట అడిగింది. "ఇమానం దించినవా మరి?"

"ఒక్కసారి గూడ దించలే."

ఆమె మెకానిక్ వైపు తిరిగింది. "తమ్మీ, జర మంచిగ చెయ్యి."

శ్రావణ్‌కుమార్ అద్దంలోంచి తొంగిచూశాడు. "కార్డుకు రెండు దిక్కుల కరెంటు ఇయ్యాలె అన్నా. నువ్వు ఒక్క వైరుకున్న రెండు తలలే రెండిట్ల పెట్టినవ్. బరువైన ఆట పడితే అదెట్ల ఆగుతది? రెండో వైరు ఇచ్చిన్రు కద, ఏదీ?"

అట్టపెట్టె బోర్లించారు. మంచం కింద వెతికారు. చివరికి శ్రావణ్‌కుమార్ చూపు నిమ్మకాయల మీద పడింది. అతను నల్లతాడు విప్పి, మిరప గింజలు దులిపి, దాన్ని కార్డులో టక్కుమనేదాకా నొక్కాడు.

"నేను గట్టిన తాడుతోనే బాగయింది," అని తారాబాయి ప్రకటించింది. తీర్మానం తక్షణమే ఫలించిందని సూర్యప్రకాశరావు గారు సంఘం పుస్తకంలో రాశారు. ఎవరికి వారు గెలిచారు.

హరిప్రసాద్ విమానం లేపాడు. తుక్కుగూడ వచ్చింది, కాలనీ యావత్తూ ఊపిరి బిగబట్టింది. తుక్కుగూడ వెళ్ళిపోయింది. చక్రాలు రన్‌వేను తాకాయి. పూర్ణిమ ఆయన భుజం తట్టి, "దిగినవు కద. ఇగ లేచి పెట్టెలు దించు," అంది. ఆయన పసిపిల్లాడిలా నవ్వుతూ తండ్రికి కుర్చీ ఇచ్చాడు.

కుర్మయ్య ట్రాక్టరు ఎక్కాడు. దున్నాడు, విత్తాడు. ఆటలో కాలం తొందరగా గడుస్తుంది కనుక పైరు లేచి తెరంతా పచ్చబడింది. ఆ ప్రాంతంలో అంత పచ్చటి నేల చూసి చాలాకాలమైంది. సూర్యప్రకాశరావు గారు కళ్ళజోడు తీసి, తెర దగ్గరికి వంగి, గద్గద స్వరంతో అడిగారు.

"కుర్మయ్య గారూ, ఇది ఔటర్ రింగురోడ్డుకి ఏ వైపు వస్తుందండీ?"

"లేఔట్ అయిందా?" అని శోభ అడిగింది. "తూర్పు ముఖమేనా?" అని ఇంకెవరో. సాయంత్రానికి నలుగురు కార్నర్ ప్లాట్లకు పేర్లు రాయించుకున్నారు. ఇంకేమైనా మిగిలాయా అని అడగడానికి పాఠకులైన తమరూ నోరు తెరవబోతున్నట్టున్నారు. జర ఆగండి, పెద్దాయనను ఈ ఒక్క పంట కోసుకోనివ్వండి.