కుర్చీలో ఎవరు కూర్చోవాలి

ఆ ఉదయం మీసాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. వచ్చినవాళ్లకల్లా జుట్టు కత్తిరించాలి, కత్తిరిస్తూ వాళ్ల భాషలో మాట్లాడాలి, మధ్యాహ్నానికి హాస్టల్ కింది గది తనదనిపించుకుని ఇంటికి రావాలి.

రోడ్డు వెడల్పు చేస్తారట. అతని సెలూన్లో నేల మీద ఎర్ర గీత గీసి వెళ్లారు. ఆ గీత ప్రకారం కుర్చీ ఇటు మిగులుతుంది, అద్దం అటు పోతుంది. కొత్త ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్ల హాస్టల్లో ఒక గది ఖాళీగా ఉంది కానీ, వాళ్ల భాష వచ్చినవాడికే ఇస్తానన్నాడు మేనేజరు. అందుకని మొగుడూ పెళ్లాం సాయంత్రాలు భాష క్లాసుకి వెళ్తున్నారు.

క్లాసు చెప్పే మేడం పద్ధతి వేరు. అర్థాలు చెప్పదు, అడగనివ్వదు. బొమ్మ చూపిస్తుంది, వాక్యం అంటుంది, నోరు నొప్పి పుట్టేదాకా అనిపిస్తుంది. "అర్థం పుస్తకంలో ఉండదండీ, మనుషుల దగ్గరుంటుంది. వెళ్లి వాళ్లకేదన్నా పని చేసిపెట్టండి, అదే వస్తుంది" అంటుంది. అలా క్లాసులో ఒక్కొక్కరూ ఒక సేవా ప్రాజెక్టు చేయాలి. టైలరమ్మ వాళ్ల చొక్కాలకి గుండీలు కుట్టి వచ్చింది. మీసాలాయన వంతుకి ఉచిత క్షవరం పడింది. షరతు ఒక్కటే. గంటసేపు మన భాషలో ఒక్క మాట దొర్లినా ప్రాజెక్టు రద్దు. ప్రాజెక్టు పోతే గదీ పోయినట్టే.

'సెలూన్లో' అనే పాఠం అతనికి మంచినీళ్లు తాగినట్టు వచ్చేసింది. బొమ్మలో కుర్చీ, కత్తెర, దువ్వెన ఉన్నాయి. సామాను తనదే కాబట్టి మాటలూ తనవే అనుకున్నాడు. కానీ అది ప్రయాణికుల కోసం వేసిన పుస్తకం. అందులో మాట్లాడేది కత్తెర పట్టుకున్నవాడు కాదు, కుర్చీలో కూర్చున్నవాడు.

"ఏవండీ, తువ్వాళ్లు చాలుతాయా?" అంది భార్య ఇంటికి తాళం వేస్తూ.

"తువ్వాళ్ల సంగతి సరేగానీ, నేను మాట్లాడేది ఎలా ఉంది?"

"జోరుగా ఉంది. ఏం మాట్లాడుతున్నారో మీకన్నా తెలుసా?"

"నా పని గురించి నాకు తెలీదేంటే? చూస్తూ ఉండు ఇవాళ."

హాస్టల్ హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేసి ఉంది. పెరిగిన జుట్టుతో ఇంజనీర్లు గోడవారన నిలబడ్డారు. "వాళ్లు నేర్చుకుంటున్నారు, నవ్వకండి, ఏం అడిగితే అది చేసి ప్రోత్సహించండి" అని మేనేజరు వాళ్లకి ముందే చెప్పి ఉంచాడు. మేడం గడియారం చూసుకుంది. "నేనుంటే మీరు నా మొహం చూస్తారు. బయట వరండాలో ఉంటాం. ఇక మన భాష బంద్" అని మేనేజరుని తీసుకుని వెళ్లిపోయింది.

అందరికన్నా పొడుగాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మీసాలాయన అతని మెడ చుట్టూ గుడ్డ కట్టి, గొంతు సవరించుకుని, ఒక్క అక్షరం తప్పు పోకుండా వాళ్ల భాషలో అన్నాడు.

"దయచేసి నా జుట్టు కత్తిరించండి."

పొడుగాయన తలెత్తి చూశాడు. మీసాలాయన ఆశగా నవ్వాడు. పొడుగాయన లేచి గుడ్డ విప్పి, దాన్ని మీసాలాయన మెడకి కట్టి, భుజాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టడం వీళ్ల మర్యాద కాబోలనుకుని అతను సర్దుకుని కూర్చున్నాడు. చెవి పక్కన కత్తెర కిచకిచమన్నాకే తన జుట్టే పోతోందని తెలిసింది. ఇక చాలని చెప్పాలనుకుని, రెండో వాక్యం అదే అయ్యుంటుందని గట్టిగా అనేశాడు.

"పక్కల ఇంకాస్త తగ్గించండి."

పక్కలు తగ్గాయి. ఒక పక్క ఎక్కువ తగ్గింది. చూస్తున్నవాళ్లంతా ఇంజనీర్లు కదా, ఊరుకుంటారా? ఒకాయన పరుగున వెళ్లి రసమట్టం తెచ్చి నెత్తిన పెట్టాడు. ఎడమ ఎత్తుందని ఎడమ కొట్టారు. కుడి ఎత్తుందని కుడి కొట్టారు. గోలగోలగా లెక్కలు వేసుకుంటున్నారు, కత్తెర చేతులు మారుతోంది, నాకివ్వు నాకివ్వు అని తోసుకుంటున్నారు. హాలంతా పండగలా ఉంది. భార్య తువ్వాలు నోట్లో కుక్కుకుని నిలబడింది.

ఇది ఆపాల్సిందేనని మీసాలాయన మూడో వాక్యం వదిలాడు. "గడ్డం కూడా గీయండి."

చెంప మీద నురగ పడ్డాక అతనికి పాఠం మొత్తం ఒక్కసారిగా తెలిసిపోయింది. మేడం అన్నట్టే అర్థం మనుషుల దగ్గరే దొరికింది. ఏ వాక్యానికి ఏం పోతుందో ఇక జన్మలో మర్చిపోడు.

గడ్డం అయ్యాక పొడుగాయన వేలితో అతని మీసం చూపించి ఏదో అడిగాడు. ఇరవై ఏళ్ల మీసం. ఊళ్లో అతన్ని దానితోనే పిలుస్తారు. 'వద్దు' అనే మాట వచ్చే నెల పాఠంలో ఉంది. తల అడ్డంగా ఊపుదామంటే గొంతు దగ్గర కత్తి ఉంది. భార్య రెండు చేతులూ ఊపింది. ఇంజనీర్లందరూ సంతోషంగా ఆమెకి చేతులు ఊపారు.

ఆమె తువ్వాలు తీసి నోరు తెరిచింది. ఒక్క మాట చాలు, మీసం మిగులుతుంది. అతను ఆమె వైపు చూశాడు, తర్వాత తలుపు తీసి ఉన్న ఖాళీ గది వైపు చూశాడు. ఆమె నోరు మూసుకుంది. అతను కళ్లు మూసుకున్నాడు.

గంట కాగానే మేడం, మేనేజరు లోపలికొచ్చారు.

"మీసాలాయన ఏడమ్మా?" అన్నాడు మేనేజరు.

"ఆ కుర్చీలో ఉన్నాయనే. నాకూ ఇప్పుడే పరిచయం" అంది భార్య.

ఇంజనీర్లు జరిగింది ఉత్సాహంగా చెబుతుంటే మేడం నుదురు పట్టుకుంది. "అయ్యో, అవి కస్టమరు మాటలండీ. ఒక్కసారి అర్థం అడగొచ్చుగా?"

"అడగొద్దన్నారుగా" అన్నాడతను నున్నటి పైపెదవి తడుముకుంటూ.

అతను కత్తెర తుడిచి సంచీలో పెట్టాడు. ఒక్క తలా కత్తిరించలేదు. ఇక గది మాటెత్తడానికి మొహం చెల్లలేదు. "పదవే, పోదాం" అన్నాడు.

వెనక కుర్చీ కిర్రుమంది. పొడుగాయన మళ్లీ వచ్చి కూర్చున్నాడు. గుడ్డ తనే కట్టుకుని చాలాసేపు ఏదో చెప్పాడు. అతని వెనక మిగతావాళ్లు వరస కట్టారు.

మేనేజరు ఆ మాటలు విడమరిచి చెప్పాడు. "వీళ్లు వచ్చి ఏడాదైంది, ఎవరి చేతికి తల ఇవ్వాలన్నా భయమేనట. కత్తెర పట్టడం రానివాళ్లకి తల అప్పగించి, మీసం పోతున్నా నోరెత్తని మనిషిని ఇప్పుడే చూశారట. ఇంత ఓర్పున్నవాడి చేతికి మా తలలివ్వడానికి మాకేం భయం అంటున్నాడు. గది మీదే, రేపే సామాను తెచ్చుకోండి."

అతను సంచీలోంచి కత్తెర తీశాడు. సాయంత్రందాకా కుర్చీ చల్లారలేదు. అతను ఒక్క వాక్యమూ మాట్లాడలేదు, ఎవరూ అడగలేదు.

మర్నాడు మేడం మొదలుపెట్టిన పాఠం 'పళ్ల డాక్టరు దగ్గర'. క్లాసులో చదువుకుంటున్న పళ్ల డాక్టరు, ముందు అర్థం చెబితేనే లోపలికొస్తానని గుమ్మంలోనే నిలబడ్డాడు.