ఉత్తన్నం కాదు

అసెంబ్లీలో ప్రశ్నలు అడిగేవారి వల్ల దేశానికి ఏమి మేలు జరిగిందో నాకు తెలియదు గాని, ఆ ప్రశ్నలకు జవాబు చెప్పకుండానే జవాబు చెప్పే విద్యను కనిపెట్టిన మహానుభావుడికి మాత్రం జిల్లాకొక విగ్రహం పెట్టాలి!

కోపగించుకోకండి. పేపరులో "ప్రశ్న ఉత్పన్నం కాదు" అన్న మాట కంటబడగానే మీలో చాలామంది ప్రభుత్వాన్ని తిట్టిపోస్తారని నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు తిట్టినదాన్నే. వయసు పైబడిన కొద్దీ ఆ మాటలోని చల్లదనం తెలిసివచ్చింది.

ఆలోచించండి. పప్పే వండని ఇంట్లో ఉప్పు ఎక్కువైందన్న గొడవ వస్తుందా? తలుపే బిగించని ఇంటికి గడియ విరగ్గొట్టే దొంగ వస్తాడా? పైకప్పు లేని ఇల్లు కురుస్తున్నదని ఎవరైనా అనగలరా? అది ఇల్లు కురవడం కాదు, వాన పడడం!

ఈ పద్ధతిని ముందుగా మా ఇంట్లోనే ప్రవేశపెట్టాను. పింగాణీ గిన్నె ఎవరు పగలగొట్టారని మా కోడలు అడిగితే, గిన్నె పగిలిందని ఇంకా తేలలేదు కనుక ఆ ప్రశ్న ఉత్పన్నం కాదన్నాను. ఆ పూట నాకు చాయ్ కూడా ఉత్పన్నం కాలేదు. ఏ మంచి పనికైనా మొదట్లో ఆటంకాలు తప్పవు కదా!

మాది మెట్‌పల్లి అంచున మగ్గాల వీధి. నేను బడి మొహం చూడలేదు. బెల్లం, చింతపండు పొట్లం కట్టి ఇచ్చిన కాగితాలు విప్పుకుని అక్షరాలు కూడగట్టుకున్నాను. ఇప్పుడు వీధికంతటికీ పేపరు చదివి వినిపించేది నేనే. చదివే మనిషికి భయాలు ఎక్కువ. ఎక్కడో బస్సు బోల్తాపడిందని చదివితే ఇక్కడ అందరి ప్రయాణాలూ మాన్పిస్తాను. నిజం చెప్పాలంటే, బోల్తాపడకపోయినా మాన్పిస్తాను. ఈ వీధి నుంచి బొంబాయికీ, షోలాపురానికీ, భీవండికీ పోయినవాళ్లందరూ పండుగకు వస్తామనే చెప్పి పోయారు. ఏ పండుగకో ఎవరూ చెప్పలేదు.

గోడ అవతలి దేవవ్వ కూడా అలా పోవలసిన మనిషే. ఆమె పెనిమిటి రాజయ్య భీవండి మిల్లులో పనిచేస్తాడు. పోయిన ఎండాకాలం వచ్చి, భార్యనూ నాలుగేళ్ల బిడ్డ లస్మినీ వెంట తీసుకుపోతానన్నాడు. దేవవ్వకు ఇష్టం లేదు. అక్కడ ఒక్క గదిలో మూడు సంసారాలట. ఇక్కడ ఉంటే బీడీలు చుట్టుకుని బతకగలదు. ఆమెకు కావలసినవి రెండే: కురవని కప్పు ఒకటి, పని చేసుకునేటప్పుడు బిడ్డను వదిలేందుకు పిడికెడు అన్నం పెట్టే చోటు ఒకటి.

రెండూ సర్కారు ఇస్తానన్నవే! మగ్గాలవాళ్లకు ఇళ్లు మొదలుపెట్టారు. పక్కనే పిల్లలకు బాలవాడి గదీ మొదలుపెట్టారు. గోడలు నడుము ఎత్తు లేచాయి. లేచి, అలసిపోయి, అక్కడే ఆగిపోయాయి.

మా శాసనసభ్యుడు కైలాసం గారు మంచివాడు. ఓట్లప్పుడే కాకుండా ఒకసారి ఊరికే కూడా మా వీధికి వచ్చాడు. ఆ గోడలు చూశాడు. హైదరాబాదు వెళ్లి మూడు ప్రశ్నలు వేశాడు. పనులు లోకల్ కంట్రాక్టర్లకే ఇచ్చారా? ఇళ్లు ఎప్పటికి పూర్తవుతాయి? బాలవాడి పిల్లల మధ్యాహ్న భోజనానికి డబ్బు ఎప్పుడు వస్తుంది?

ఈ కబురు తెలిసి రాజయ్య కొంత మెత్తబడ్డాడు.

"జవాబు రానీ పెద్దవ్వా," అన్నాడు నాతో. "ఇస్తమంటె ఈడనే ఉంటరు. లేదంటె నా ఎంబడి వస్తరు. మల్ల నువ్వు అడ్డం పడొద్దు."

నేను అడ్డం పడే మనిషినా? పేపరు వచ్చేదాకా కంటి మీద కునుకు లేదు, అంతే!

పేపరు వచ్చింది. వీధంతా మా అరుగు చుట్టూ చేరింది. నేను చదవడం మొదలుపెట్టాను.

కంట్రాక్టరు లోకల్ మనిషేననీ, మెట్‌పల్లిలోనే నివాసముంటున్నాడనీ మొదటి జవాబు. ఇది అబద్ధమని మీరు తొందరపడకండి. జబ్బార్ సైకిలు దుకాణం మీది గది ఆ కంట్రాక్టరు పేరనే ఉంది. మనిషి మాత్రం హైదరాబాదులో ఉంటాడు. మరునాడు వెళ్లి జబ్బార్‌ను అడిగాను కూడా.

"ఆయన రాలే గాని అవ్వా, ఆయన తాళం ఏడాది సంది ఈడనే ఉంటున్నది," అన్నాడు జబ్బార్.

పైకి ఎక్కి చూశాను. మా ఎండకు ఎండి, మా వానకు తడిసి, తుప్పుపట్టి, అచ్చం మా ఊరి తాళమే అయిపోయింది. పాపం, ప్రభుత్వం అబద్ధం చెప్పలేదు!

ఇళ్ల పని పురోగమిస్తున్నదని రెండో జవాబు. బాలవాడి గది పూర్తికానందున పిల్లల భోజనం ప్రశ్న ఉత్పన్నం కాదని మూడో జవాబు.

ఇక్కడే చిక్కు వచ్చింది. నాకు ముందు పళ్లు లేవు. "ఉత్పన్నం" నా నోట ఎలా పలికిందో గాని, ముందు కూర్చున్న లింగవ్వకు "ఉత్తన్నం" అని వినబడింది. ఉత్తన్నమంటే కూర గాని, చారు గాని లేని వట్టి అన్నం. పిల్లల భోజనం ఉత్తన్నం కాదట అని ఆమె వెనక్కి తిరిగి చెప్పింది. వెనక ఉన్నవాళ్లు దానికి పప్పు కలిపారు. వీధి చివరికి చేరేసరికి నెయ్యి కూడా పడింది.

నేను ఊరుకోలేదు. "ఉత్తన్నం గాదు లింగవ్వా, అది అన్నం ముచ్చటనే గాదు," అన్నాను.

"మరి రొట్టెలు పెడ్తరా?" అంది.

లేదు, ఏమీ ఇవ్వమని చెప్పడమే దాని అర్థమని విడమరిచాను. లింగవ్వ నన్ను జాలిగా చూసింది.

"నీకు అన్నిట్ల భయమే పెద్దవ్వా. లేదని చెప్పేటందుకు లేదంటె సాలదా? సర్కారోళ్లు గంత పెద్ద మాట ఊకెనే పెడ్తరా?"

చదువుకున్నవారు దీనికి జవాబు చెప్పండి. రాజయ్యకు కూడా లింగవ్వ మాటే సబబుగా తోచింది. బిడ్డకు పప్పన్నం దొరుకుతుంటే తాను చేసేది మాత్రం ఇంకేముందని ఒక్కడే భీవండి పోయాడు. సాగనంపేటప్పుడు నేను మళ్లీ నోరు తెరిచాను. దేవవ్వ నా చేయి పట్టుకుని నొక్కింది. మూసుకున్నాను.

మరునాడు పిల్లలందరూ కంచాలు పట్టుకుని నడుమెత్తు గోడల మధ్య కూర్చున్నారు. బాలవాడి పంతులమ్మ షహర్ బానో అప్పటికే గది లేకుండా వేపచెట్టు నీడలో పాఠాలు చెబుతున్నది. ఆమె దగ్గర సుద్దముక్కలు తప్ప ఏమీ లేవు. కంచాలు చూసింది. నన్ను చూసింది. ఇంటికి వెళ్లి, తమ కోసం వండుకున్న పప్పు గిన్నె తెచ్చి పిల్లల కంచాల్లో వడ్డించింది. అది చూసి తల్లులు సిగ్గుపడ్డారు. ఆ తరువాత ఒక ఇంటి నుంచి బియ్యం, ఒక ఇంటి నుంచి పప్పు, ఒక ఇంటి నుంచి కట్టెలు వచ్చాయి. పంతులమ్మ బిస్మిల్లా అంటే పిల్లలూ బిస్మిల్లా అని ముద్ద ఎత్తేవారు. దేవవ్వ నిశ్చింతగా బీడీలు చుట్టుకుంది. నేను కూడా కొన్నాళ్లు నిశ్చింతగా ఉందామని ప్రయత్నించాను గాని అలవాటు లేక చేతకాలేదు.

భయపడినట్టే ఒకనాడు జీపులో ఆఫీసరు వచ్చాడు. పిల్లలు తింటుంటే చూశాడు. ముచ్చటపడ్డాడు. లస్మి బుగ్గ కూడా గిల్లాడు. వెళ్లి రిపోర్టు రాశాడు.

కైలాసం గారు పట్టు వదిలే మనిషి కాదు. తరువాతి సమావేశంలో మళ్లీ అడిగాడు. ఈసారి జవాబు మరింత అందంగా వచ్చింది: పిల్లలకు పప్పుతో కూడిన భోజనం అందుచున్నందున నిధుల ప్రశ్నయు, గది లేకుండగనే బాలవాడి చక్కగా నడుచుచున్నందున గది ప్రశ్నయు ఉత్పన్నం కావు!

చూశారా ఆ నేర్పు? గది లేదు గనుక మొదట అన్నం లేదు. అన్నం ఉంది గనుక ఇప్పుడు గది లేదు. ఇంత చక్కగా మా వీధిలో ఎవరూ పోగులు అతకలేరు. ఈసారి ఒక్కొక్క అక్షరమూ విడదీసి చదివాను. లింగవ్వకు కూడా సరిగ్గానే వినబడింది.

వానలు పట్టాయి. నడుమెత్తు గోడల మధ్య నీళ్లు నిలిచాయి, బాలవాడి ఆగిపోయింది. దేవవ్వ ఇంటి వెనక గోడ కూలింది. తల్లీబిడ్డలను మా ఇంట్లో పెట్టుకున్నాను. ఎన్నాళ్లయినా ఉండమన్నాను.

"నువ్వు ఉండమంటవ్ పెద్దవ్వా," అంది దేవవ్వ మెల్లగా. "మీ కోడలు సుత ఏమనదు. ఒకరింటి ముద్ద నాకే గొంతు దిగుతలేదు."

కబురందుకుని రాజయ్య వచ్చాడు. నేను అడ్డం పడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరికి కొత్త బస్సు వేశారు. పొద్దున్నే బయలుదేరి, నిజామాబాదులో బొంబాయి వైపు పోయే రైలుకు అందిస్తుంది. సాగనంపడానికి వెళ్లినప్పుడు దాన్ని చుట్టూ తిరిగి పరీక్షగా చూశాను. మీరు నమ్మరు, ఎంత గట్టి బస్సో! గట్టి కప్పు ఉంది. తలుపు ఉంది, తలుపుకు గడియ ఉంది. మనిషికొక చోటు ఉంది. ఎక్కడా ఒక్క చుక్క కురవదు. చిన్నపిల్లలకు రాయితీ కూడా ఉంది. లస్మి కిటికీ పక్కన కూర్చుని, ఈ ఇల్లు బాగుందంది.

ఈ బస్సు కావాలని మా వీధిలో ఒక్కరూ అడగలేదు. కైలాసం గారు సభలో లేచి నిలబడలేదు. అడగకుండానే వచ్చింది, చెప్పిన వేళకే కదిలింది.

కనుక కైలాసం గారూ, చేతులు జోడించి మనవి చేస్తున్నాను. దయచేసి మా ఇళ్ల గురించి ఇకమీద ఒక్క ప్రశ్న కూడా వేయకండి. తమరు నోరు మూసుకుంటేనే అవి వస్తాయేమో! మానేదేదో కాస్త తొందరగా మానండి. ఈ వీధిలో ఇంకా కొంతమందిమి ఉన్నాము.