అద్దంలో రెండు లైట్లు

ఆ వీధిలో ఆ ఇంటిని అందరూ 'కళ్ళూ పళ్ళూ వారిల్లు' అంటారు. కింది వాటాలో ఒక సగం ఆయన కళ్ళజోళ్ళ దుకాణం, ఇంకో సగం ఆవిడ పళ్ళ వైద్యశాల. ఆయన దగ్గర కొత్త కళ్ళజోడు పెట్టించుకున్నవాళ్ళు అక్కడి అద్దంలో తమ పళ్ళను మొదటిసారి స్పష్టంగా చూసుకుని, బెంబేలెత్తి పక్క గుమ్మం ఎక్కుతారు. సంసారం లాగే వ్యాపారం కూడా కలిసొచ్చింది.

ఆ రోజు పొద్దున ఆవిడ కాఫీ తాగుతుంటే ఆయన ఎదురుగా బల్ల మీద ఒక చేతి అద్దం నిలబెట్టి, వెనక్కి వెళ్ళి టార్చిలైటు వేశాడు. వెలుగు అద్దంలో పడి తిన్నగా ఆవిడ కళ్ళలో కొట్టింది.

"ఏవిటండీ ఇది?"

"అభ్యాసం. రాత్రి వెనక బండివాడు ఇలాగే కొడతాడు. అప్పుడు నువ్వేం చేస్తావు?"

"ముందు మీ టార్చి లాక్కుంటాను."

"రోడ్డు మీద అది కుదరదోయ్."

ఆవిడ కప్పు కింద పెట్టకుండానే చూపుడువేలితో అద్దాన్ని రవ్వంత వంచింది. వెలుగు ఆవిడ ముఖం మీంచి తప్పుకుని గోడ గడియారం మీద పడింది. నోట్లో చిన్న అద్దం పెట్టి, తల మీది దీపం వెలుగును ఏ మూల పంటి మీదికి కావాలంటే ఆ మూలకు తిప్పడం ఆవిడకు రోజూ ఉన్న పనే. ఆ వేలి నేర్పు చూసి ఆయన ఇప్పటికీ ముచ్చటపడతాడు. ఆ మాట పైకి చెప్పకుండా టార్చి ఆర్పి లోపలికి పోయాడు.

ఇంతకీ ఆ రాత్రి ఆవిడకు పరీక్ష. పరీక్ష పెట్టింది సొంత అన్నయ్య. ఆయన బడుల తనిఖీ అధికారిగా రిటైరైన మనిషి. ఆయన దగ్గర టాపు లేని ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటుంది. సీట్లు రెండే. వయసులో ఉండగా ముచ్చటపడి కొనుక్కుని, కంటికి రెప్పలా చూసుకున్నాడు. చెల్లెలు ఆ కారును తుడవడానికి ఒప్పుకునేవాడు గానీ, స్టీరింగు ముట్టుకోనిచ్చేవాడు కాదు. పెళ్ళిచూపుల నాడు కూడా ఆవిడ కిటికీలోంచి పెళ్ళికొడుకును కాక ఆ కారునే చూసిందని ఇంట్లో చెప్పుకుంటారు.

ఇప్పుడు అన్నయ్య కళ్ళకు శుక్లాలు వచ్చాయి. చీకటి పడితే నడపొద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఒక హోటలు యజమాని ఆ కారు తనకిస్తే హాల్లో అలంకారంగా పెట్టుకుంటానని, సీట్లలో పూలకుండీలు అమరుస్తానని కబురు పెట్టాడు. పూలకుండీలన్న మాట విని చెల్లెలు ఆ పూట అన్నం ముట్టలేదు. చివరికి అన్నయ్య తీర్పు చెప్పాడు. "పగలు ఎవరైనా నడుపుతారు. రాత్రిపూట ఊరవతలి లైట్‌హౌస్ దాకా తీసుకెళ్ళి, కంగారు పడకుండా తీసుకొచ్చావంటే కారు నీది. లేదంటే కుండీలే."

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు దంపతులిద్దరూ అన్నయ్య ఇంటికి చేరారు. కళ్ళజోళ్ళాయన చేతిలో పెద్ద సంచి ఉంది. అందులో టార్చి, పెద్ద నల్ల గొడుగు, రాత్రి ప్రయాణానికని తెప్పించి దుకాణంలో అమ్ముడుపోక మిగిలిన పసుపు కళ్ళజోళ్ళు రెండు. ఆవిడ ఒకటి పెట్టుకుని, చీకటి ఇంకా చీకటైందని తీసేసింది. ఆయన మాత్రం తన సరుకు పరువు కోసం పెట్టుకున్నాడు.

అన్నయ్య తాళంచెవి ఇస్తూ, "గీత పడిందో, ఊరుకోను. నేను మాత్రం మేలుకుని కూర్చోను. పడుకుంటాను," అన్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ బడికైనా రానని కబురు పెట్టాకే ఆయన బయల్దేరేవాడు. ఆ సంగతి ఆ క్షణాన చెల్లెలికి గుర్తు రాలేదు. తాళంచెవి అరచేతిలో పడ్డాక ఎవరికి మాత్రం ఏం గుర్తుంటుంది?

కారు కదిలింది. ఆవిడ నడపడం చూసి తీరాలి. గేర్లు పన్ను కదపనంత మెత్తగా పడుతున్నాయి. తల మీద నక్షత్రాలు, చెవుల్లో గాలి, ముందు ఎర్రటి బానెట్టు మీద జారిపోతున్న వీధి దీపాలు. ఇన్నేళ్ళుగా కిటికీలోంచి చూసిన కారు తన చేతుల కింద గురగురమంటుంటే ఆవిడ చిన్నపిల్లలా తనలో తనే నవ్వుకుంది. ఆయన మాత్రం వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"వెనక ఎవడో వస్తున్నాడు."

అద్దంలో రెండు లైట్లు భగ్గుమన్నాయి. ఆవిడ అద్దం కిందున్న చిన్న మీటను వేలితో 'టక్'మని లాగింది. అద్దంలో వెలుగు మసకబారింది. అయినా టాపు లేని కారు కదా, వెలుగు భుజాల మీంచి దూకి ముందద్దం మీదా, మీటర్ల గాజు మీదా పడుతోంది. ఆవిడ కాస్త కిందికి జరిగి, చూపు రోడ్డు అంచు గీత మీద నిలిపింది.

దారిచ్చేద్దామని మెల్లగా పోనిచ్చింది. వెనకవాడూ మెల్లగా వచ్చాడు. వేగం పెంచితే పెంచాడు. పక్కకు తీసి ఆపింది. వాడూ అల్లంత దూరంలో ఆపి, లైట్లు ఆర్పకుండా అలాగే కూర్చున్నాడు. ఆ సందులో ఆవిడ చెయ్యి చాచి పక్క అద్దాలు రెండూ బయటికి తిప్పి, "పోనీలెండి, వెలుగేగా," అని మళ్ళీ బయల్దేరింది.

కందకు లేని దురద కత్తిపీటకు అంటారు. నడిపే మనిషికి లేని కంగారు ఆయనకు పట్టుకుంది. వెనకవాడు దొంగ అని మొదట అనుకున్నాడు, తర్వాత హోటలు యజమాని మనిషి అనుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడగానే సీట్లో లేచి నిలబడి, వెలుగు వైపు తిరిగి గొంతెత్తాడు. "ఏమయ్యా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు లేరా? లైట్లు తగ్గించాలని ఎవరూ నేర్పలేదా?"

వెనక లైట్లు తగ్గలేదు. పక్కన ఆగిన స్కూటరు మనిషి మాత్రం లైటు తగ్గించాడు.

"కూర్చోండి. నాకు బాగానే కనిపిస్తోంది," అంది ఆవిడ.

"నీ కళ్ళ సంగతి నీకేం తెలుసు? కళ్ళు నా శాఖ," అని ఆయన ఊరు దాటగానే సంచిలోంచి గొడుగు తీశాడు. ఇద్దరి తలల వెనకా అడ్డం పెడితే వెలుగు ఆగిపోతుందని ఆయన సిద్ధాంతం. అది శాస్త్రప్రకారం తప్పేమీ కాదు. ఎటొచ్చీ ఆ శాస్త్రంలో గాలి లేదు. గొడుగు విచ్చుకోవడమే తడవుగా ఆయన చేతిలోంచి ఊడి, గాల్లో ఒక పల్టీ కొట్టి వెనక్కి పోయింది. వెనక బ్రేకులు కీచుమన్నాయి. రెండు లైట్లలో ఒకటి కనిపించలేదు.

"గొడుగు వాడి కారు మీద పడ్డట్టుంది," అన్నాడాయన నెమ్మదిగా.

కాసేపటికి రెండో లైటు మళ్ళీ వెలిగింది. ఈసారి హారను కూడా తోడైంది. ఇందాకటి దాకా వెనక వచ్చినవాడు ఇప్పుడు తరుముతున్నాడు. ఆయన సీట్లో ముడుచుకుపోయి, ఎవరికి ఫోను చెయ్యాలో తెలియక తన దుకాణానికే చేశాడు. ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ ముందున్న పెట్రోలు బంకు లోపలికి తిప్పి, బాగా వెలుతురున్న చోట పదిమంది మధ్య కారు ఆపింది. బంకు కుర్రాళ్ళు పంపులు వదిలేసి కారు చుట్టూ మూగారు. వెనకే ఆ బండీ వచ్చి ఆగింది. చూస్తే, టాక్సీ.

ఆవిడ సంచిలోంచి టార్చి తీసుకుని దిగింది. తిన్నగా టాక్సీ దగ్గరకు నడిచి, వెనక సీట్లో ఉన్న మనిషి ముఖం మీదికి వెలుగు వేసింది. "ఎలా ఉందండీ? మాకూ దారి పొడుగునా ఇలాగే ఉంది."

ఆ మనిషి ఒళ్ళో ఊచలు విరిగిన గొడుగు ఉంది. రెండు చేతులూ కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు. "ఆర్పవే తల్లీ. ఉన్న చూపు కూడా పోయేట్టుంది."

"అన్నయ్యా! పడుకుంటానన్నావు."

"వస్తానని చెప్పి వస్తే అదేం తనిఖీ?"

టాక్సీ డ్రైవరు కిందికి దిగి మొరపెట్టుకున్నాడు. "లైట్లు తగ్గిస్తానని మొదట్నుంచీ చెప్తూనే ఉన్నానమ్మా. తగ్గిస్తే సారుకి మీ కారు కనపడదంట. ఇప్పుడు గొడుగు ఇచ్చేద్దామని వస్తుంటే మీరు ఆగరు."

కళ్ళజోళ్ళాయన మెల్లగా చేరాడు. "బావగారూ, సిగ్నల్ దగ్గర నేనన్నది మిమ్మల్ని కాదు."

"ఇంట్లో పెద్దవాళ్ళు లేరా అని అడిగారు. ఉన్నాను. మా ఇంట్లో పెద్దవాణ్ణి నేనే."

ఆవిడకు పూలకుండీలు కళ్ళ ముందు కనిపించాయి. అన్న ముఖాన టార్చి కొట్టింది, ఆయన టాక్సీ మీద గొడుగు పడింది, పరీక్ష మధ్యలోనే ఆగింది. ఏడుపు దిగమింగుకుని తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. "తీసుకో అన్నయ్యా. కుండీలకు నీళ్ళు మాత్రం రోజూ పొయ్యమను."

అన్నయ్య తాళంచెవి వంక చూడలేదు. కారు వంక చూశాడు.

"తప్పు పట్టడానికే వచ్చానమ్మా. దారంతా వెతికాను. అంత వెలుగు నెత్తిన పడితే నేనైతే ఎప్పుడో కారాపి తిట్లు లంకించుకునేవాణ్ణి. నువ్వు మాత్రం ఒక్కసారి పక్కకు జరగలేదు. గీత గీసినట్టు పోయావు. వెనక నుంచి చూస్తే నా కారు ఇంత అందంగా ఉంటుందని నాకిప్పుడే తెలిసింది. నేను నడిపినన్నాళ్ళూ లోపలే ఉన్నానాయె." ఆయన టాక్సీ దిగి తాళంచెవి ముందుకు చాచాడు. "నీకు ఎప్పుడో ఇవ్వాల్సింది. బుద్ధి తక్కువై ఇవ్వలేదు."

తాళంచెవి మళ్ళీ ఆవిడ గుప్పిట్లోకి వచ్చింది. ఆవిడ ఏడ్చేసింది. బంకు కుర్రాళ్ళకు విషయం అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

"ఒక్క షరతు," అన్నాడు అన్నయ్య. "లైట్‌హౌస్ దాకా పక్క సీట్లో నేను కూర్చుంటాను. ఆ సీట్లో ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూడలేదు."

సీట్లు రెండే కనుక కళ్ళజోళ్ళాయన విరిగిన గొడుగుతో సహా టాక్సీ ఎక్కాడు. అన్నాచెల్లెళ్ళ కారు ముందు దూసుకుపోయింది. భార్య అంత దర్జాగా పోతుంటే ఆయనకు కడుపు నిండిపోయింది. కళ్ళారా చూద్దామని ముందుకు వంగాడు. పసుపు కళ్ళజోడులోంచి అంతా మసకమసగ్గా ఉంది.

డ్రైవరు బుద్ధిగా లైట్లు తగ్గించాడు.

"తగ్గించకు బాబూ," అన్నాడు కళ్ళజోళ్ళాయన. "మా ఆవిడ కనిపించడం లేదు."

ముందు కారులో అద్దం కింద మీట మళ్ళీ 'టక్'మంది.